కబురు తెచ్చిన మనిషి



నిమ్మనపల్లె పేరు జిల్లా దాటితే చాలామంది విని ఉండరు. మదనపల్లె అంటే తెలుస్తుంది. టమాటా మార్కెట్టు వల్లనో, రిషివ్యాలీ బడి వల్లనో, హార్సిలీ కొండల వల్లనో ఆ పేరు ఎక్కడో ఒకచోట చెవిన పడే ఉంటుంది. ఆ మదనపల్లెకు దగ్గర్లో, బాహుదా రిజర్వాయరు ఉన్న చిన్న మండల కేంద్రం నిమ్మనపల్లె. చుట్టూ గుట్టలు, గుట్టల నడుమ చెరువులు, చెరువుల కింద కాస్త వరి, మెట్ట మీద చెనిక్కాయ, రాగి. మదనపల్లె తాలూకా మొదట కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. 1985లో మండలాలు వచ్చాయి. 2022లో అన్నమయ్య జిల్లా వచ్చింది. సర్కారు కాగితాల మీద ఊరి చిరునామా ఇలా మారుతూ వచ్చింది. ఆ చిరునామాకు కబురు ఎలా చేరేదో, ఎవరు చేర్చేవాళ్లో ఈవేళ మీతో చెప్పుకోవాలని వచ్చాను.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె వచ్చారు. బెసెంట్ థియోసాఫికల్ కాలేజీలో కొన్నాళ్లు ఉన్నారు. అప్పుడు ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్. అక్కడే ఠాగూర్ జనగణమన పాడి వినిపించారు. కజిన్స్ భార్య మార్గరెట్ ఆ పాటకు స్వరం కట్టారు. ఫిబ్రవరి 28న ఠాగూర్ తన చేత్తోనే దాన్ని ఇంగ్లీషులోకి మార్చి రాసిచ్చారు. మదనపల్లెవాళ్లం ఎక్కడికి పోయినా గర్వంగా చెప్పుకునే సంగతి ఇది. నాకు మాత్రం దీనితోపాటు ఇంకో సంగతి తెలుసుకోవాలనిపిస్తుంది. అదే వారంలో ఈ కబురు నిమ్మనపల్లెలో ఎవరికి తెలిసింది? మన దేశంలో రేడియో ఇంకా పుట్టలేదు. పత్రిక మద్రాసు నుంచి రావాలి. వచ్చినా చదవగలిగిన ఇళ్లు ఊరికి ఒకటో రెండో. తెలిసి ఉంటే సంతకు పోయి వచ్చినవాడి నోటనో, సెలవుకు ఇల్లు చేరిన కాలేజీ పిల్లవాడి నోటనో తెలిసి ఉండాలి.

ఆ కాలం కబుర్ల దారి ఏ వైపు నుంచి వెతికినా చివరికి ఒక మనిషి దగ్గరికే చేరతాం. కబురు మనిషి వెంట వచ్చేది. తెచ్చిన మనిషెవరో ఊరికి తెలుసు, వాళ్ల నాయనెవరో తెలుసు. చెప్పింది అబద్ధమైతే వచ్చే వారం సంతలో నిలదీసి అడగొచ్చు. ఆ పూచీ మీదే మా ఊళ్లు తరాలపాటు నడిచాయి. పంచాయతీలు, దేవళాలు, బళ్ల గురించి చరిత్ర రాసినవాళ్లు ఉన్నారు. ఈ పూచీ గురించి రాసినవాళ్లు తక్కువ.

సంత అంటే సరుకు కొని తెచ్చుకునే చోటనుకుంటాం. మా వైపు సంతకు సగం మంది కబుర్ల కోసమే పోయేవాళ్లు. ఉప్పు, మిరపకాయలు మూట కట్టుకునే లోపల నాలుగూళ్ల సంగతులు తెలిసిపోయేవి. "మీ చిన్నక్క నీళ్లు పోసుకునిందంట", "మా పక్క చెరువు కట్ట కారతా ఉండాదంట", "ఫలానావాళ్ల పిల్లోడికి సంబంధం చూస్తా ఉండారు, మీ అన్న కూతురు ఉంది కదా" అని ఆగి చెప్పేవాళ్లు. పుట్టింటివాళ్లను చూసి ఏడాదైన ఆడకూతురు సంత గట్టున వాళ్ల ఊరి మనిషి కనపడితే నిలేసి అడిగేది, "మాయమ్మ ఎట్లుండాది మామా?" అని. ఆయన "బాగుండాదిలే అమ్మీ" అన్న తీరునుబట్టి బాగుందో లేదో ఆమెకు అర్థమైపోయేది. కార్డు ముక్క మీద ఆ గొంతు రాదు.

పశువుల సంతలో ఇంకో రకం మాట నడిచేది. దానికి చెవులతో పని లేదు. అమ్మేవాడూ కొనేవాడూ నడుమ దళారీ. బేరం మొదలవగానే దళారి భుజం మీది తువాలు తీసి చేతుల మీద కప్పుతాడు. ఆ బట్ట కింద వేళ్లు మాట్లాడతాయి. వేలికి ఇంత అని ముందే అనుకుంటారు. ఒక వేలు పట్టుకుంటే ఒక ధర, రెండు పడితే రెండింతలు, అరచెయ్యి మొత్తం పట్టి నొక్కితే అయిదింతలు. చుట్టూ ఇరవై మంది మూగి చూస్తున్నా ఎంతకు అడిగాడో, ఎంతకు ఇస్తానన్నాడో ఒక్కరికీ తెలియదు. పైకి మాత్రం ఎద్దు పండ్లు, సుళ్లు, నడక మీద మాటలు సాగుతుంటాయి. అమ్మేవాడి ముఖంలోకి చూస్తే ఏమీ కనపడదు. బేరం కుదిరితే తువాలు తీసేస్తారు, పలుపు చేతులు మారుతుంది. కాగితం లేదు, సాక్షి సంతకం లేదు. బట్ట కింద ఒప్పుకున్న ధరకు ఆ తర్వాత "నేను అనలేదు" అన్నవాడు మళ్లీ ఆ సంతలో ఎద్దు అమ్మలేడు. పుంగనూరు పొట్టి ఆవుల ఖ్యాతి ఇప్పుడు ప్రపంచమంతా తిరుగుతోంది. ఆ పశువుల్ని చేతులు మార్చిన ఈ వేళ్ల భాష మాత్రం తెలిసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

ఊరి లోపల కబురు తప్పెట మీద వచ్చేది. తలారి వీధి మొగదల నిలబడి నాలుగు దెబ్బలు వేసి, గొంతెత్తి చెప్పేవాడు. రేపు పొద్దున చెరువు తూము తీస్తారు, కాలవ చెక్కడానికి ఇంటికొక మనిషి రావాల. మంగళారం గంగమ్మకు పొంగుళ్లు, ఆ పొద్దు ఎవురూ ఊరు దాటి పోగూడదు. కిస్తీ కట్టేదానికి ఎల్లుండి ఆఖరు. అన్నం తినేవాడు చెయ్యి ఆపి వినేవాడు, పిల్లలు వెనకాలే పరిగెత్తేవాళ్లు. ఒకే మాటను ప్రతి వీధిలో ఒకే తీరున, ఒక్క ముక్క జారకుండా చెప్పడం చిన్న పని కాదు. తారీకు తప్పితే నీళ్ల వంతు తప్పుతుంది, వంతు తప్పితే తలలు పగులుతాయి.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఊరందరికీ కబురు చెప్పిన ఆ మనిషికి రచ్చబండ మీద కూర్చునే చోటు ఉండేది కాదు. తప్పెట కొట్టినవాళ్లు ఎక్కువగా దళితవాడల వాళ్లు. చావు కబురు తీసుకుని అర్ధరాత్రి గుట్టలు దాటి పక్క ఊళ్లకు నడిచినవాళ్లూ వాళ్లే. పోయిన ఊళ్లో వాకిలి బయటే నిలబడి చెప్పాలి, దోసిట్లో పోసిన నీళ్లు తాగి తిరిగి రావాలి. ఊరి రాకపోకలన్నీ వాళ్ల కాళ్ల మీద నడిచాయి. ఊరు వాళ్లకు దానికి తగ్గ మర్యాద ఇవ్వలేదు. పాత రోజుల్ని తలుచుకునేటప్పుడు ఈ సంగతిని పక్కకు నెట్టి పొగిడితే అది అన్యాయం. 1984లో ప్రభుత్వం కరణం, మునసబు వంటి వంశపారంపర్య గ్రామోద్యోగాలు తీసేసింది. ఆ తర్వాత మైకు వచ్చింది, ఆటో వచ్చింది. తప్పెట చాటింపు జాతరకు మిగిలింది.

ఇక జాబు సంగతి. మా వైపు ఉత్తరాన్ని జాబు అంటారు. పల్లెల్లో పోస్టాఫీసంటే విడిగా ఒక భవనం ఉండేది కాదు. బ్రాంచి పోస్టుమాస్టరు ఆ ఊరి మనిషే అయ్యుండాలి, బతకడానికి వేరే ఆధారం ఉండాలి, ఆఫీసుకు చోటు ఆయనే చూపించాలి. అది శాఖవాళ్ల నిబంధన. అందుకని బడిపంతులో, అంగడి ఉన్నాయనో, నాలుగెకరాల రైతో ఆ పని చేసేవాళ్లు. తిన్నె మీద ఒక పెట్టె, ఒక ముద్ర, నల్లసిరా దిండు, తూచే చిన్న తక్కెడ. మదనపల్లె నుంచి సంచి వచ్చే వేళకు తిన్నె చుట్టూ మనుషులు చేరేవాళ్లు. తమకు జాబు వస్తుందని కాదు, ఎవరికి వచ్చిందో తెలుస్తుందని.

1961 జనాభా లెక్కల నాటికి మన రాష్ట్రంలో చదవను రాయను వచ్చినవాళ్లు నూటికి 21 మంది. ఆడవాళ్లలో అయితే 12 మందే. అంటే కార్డు అందుకున్న పది ఇళ్లలో ఏడెనిమిది ఇళ్లవాళ్లు దాన్ని ఇంకొకరి చేత చదివించుకోవాలి. జవాబు ఇంకొకరి చేత రాయించుకోవాలి. ఇంట్లో గుట్టు ఆ చదివిపెట్టే మనిషికి తెలిసిపోతుంది. అప్పులు, అలకలు, అల్లుడి తాగుడు, కోడలి కష్టం అన్నీ పోస్టుమాస్టరు చెవిన పడతాయి. అవి తిన్నె దాటి బయటికి పోకూడదు. ఎవరూ రాసిపెట్టని చట్టం అది. ఆ చట్టం పాటించిన మనిషికి ఊళ్లో ఎంత విలువ ఉండేదో, పాటించనివాడి దగ్గరికి మళ్లీ ఎవరూ ఎందుకు జాబు తీసుకుపోయేవాళ్లు కాదో, అప్పటివాళ్లనడిగితే ఇప్పటికీ పేరు పెట్టి చెబుతారు.

ఒక అవ్వ వచ్చి తిన్నె కింద కూర్చుంటుంది. కొడుకు బెంగుళూరులో మిల్లులో పని చేస్తుంటాడు. "రాయి నాయనా. ఆవు ఈనిందని రాయి. పెయ్యదూడ అని రాయి. చిన్నోడికి జరం తగ్గిందని రాయి." పంతులు రాస్తుంటాడు. "చెరువులోకి నీళ్లు రాలేదని రాయనా అవ్వా?" అంటే ఆమె కాసేపు ఆలోచిస్తుంది. "వద్దులే నాయనా, దిగులుపడతాడు. వానలు పడతా ఉండాయని రాయి." పంతులు తలెత్తి ఆకాశం వంక చూస్తాడు, మబ్బు ముక్క లేదు. అయినా అట్లాగే రాస్తాడు. ఆఖరున "ఇంకేమైనా ఉందా" అంటే, "ఏముంది, పండక్కి రమ్మను" అంటుంది. అసలు జాబు రాయించింది ఆ ఒక్క మాట కోసం. ఇలాంటి కార్డులు ఎన్ని ఇళ్ల నుంచి ఎన్ని ఊళ్లకు పోయాయో లెక్క ఎక్కడా లేదు.

కార్డుకు తన మర్యాదలు తనకుండేవి. పైన శ్రీరామ. ఆ కింద పెద్దలకు నమస్కారములు, చిన్నలకు ఆశీస్సులు, ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాము. సగం కార్డు దీనికే పోయేది. ఆ తరువాత ఉన్న చోటులో చెప్పవలసిందంతా చెప్పాలి. కనుక అక్షరాలు చీమల్లా చిన్నవయ్యేవి, చివరి వరసలు అంచు వెంట నిలువుగా ఎక్కేవి. శుభకార్యమైతే నాలుగు మూలలా పసుపు. చావు కబురైతే చదివిన వెంటనే చించి పారేయాలి, ఇంట్లో ఉంచకూడదు. మిగిలిన జాబులన్నీ కొస వంచిన ఇనపకమ్మీకి గుచ్చి దూలానికి వేలాడదీసేవాళ్లు. ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి చేరి అది ఆ ఇంటి చరిత్ర అయ్యేది. 1950లో ఇన్లాండు కవరు వచ్చాక గుట్టుగా రాసుకునే వీలు కలిగింది. 1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చింది. మా చిత్తూరు జిల్లా నంబర్లు 517తో మొదలయ్యేవి. 1980ల్లో కూడా కార్డు 15 పైసలే. అంత చవగ్గా దొరికినా రాయడం చేతకాక, రాసిపెట్టేవాళ్ల ముందు నోరు విప్పలేక, ఎందరు కోడళ్లు మనసులోదంతా మింగుకున్నారో. అత్తగారి ఎదుట కూర్చుని అత్తగారి మీద పుట్టింటికి జాబు ఎలా రాయించగలరు? వాళ్లకు గాజులాయనే దిక్కు. చేతికి గాజులు ఎక్కిస్తుంటే తల వంచుకుని నెమ్మదిగా నాలుగు మాటలు చెప్పేవాళ్లు. ఆయన ఊళ్లు తిరుగుతూ పోయి ఆ తల్లి చెవిలో వేసేవాడు.

మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. 1915 నుంచి అక్కడ క్షయరోగుల శానిటోరియం నడిచింది. మొదట దాన్ని నడిపింది డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్. స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు రాక ముందు క్షయకు వైద్యమంటే మంచి గాలి, బలమైన తిండి, మంచం మీద విశ్రాంతి. నెలలు పట్టేది, ఒక్కోసారి ఏళ్లు. దక్షిణాది రాష్ట్రాల నుంచి ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి అక్కడ ఉండేవాళ్లు. ఇల్లు చూడాలంటే లేదు, ఇంటివాళ్లు రావాలంటే భయం, ఖర్చు. వాళ్లకు లోకంతో ఉన్న బంధమంతా టపా సంచిలో వచ్చేది. తమిళంలో, కన్నడంలో, ఉర్దూలో, తెలుగులో రాసిన జాబులు మదనపల్లె మీదుగా అక్కడికి చేరేవి. చేయి వణికే మనిషి పడుకుని రాసిన కార్డు అటువైపు అందినప్పుడు ఆ ఇంట్లో ముందు చూసేది అక్షరాల వంకర. రాత కుదురుగా ఉంటే నయమవుతోందని అర్థం.

తంతి మాత్రం మంచి పేరు తెచ్చుకోలేదు. పెళ్లి శుభాకాంక్షలకు వరస నంబర్లుండేవి, నంబరు రాస్తే చాలు, అటువైపు పూర్తి వాక్యం చేరేది. అయినా పల్లెలో తంతి వచ్చిందంటే విప్పకముందే ఏడుపు లేచేది. మదనపల్లె దాకా నిమిషాల్లో వచ్చిన తంతి అక్కణ్నించి పల్లెకు రావడానికి మనిషి సైకిలు తొక్కాలి, లేదా నడవాలి. వానాకాలంలో వంక పొంగితే ఒడ్డునే ఆగేది. పాము కరిస్తే, కాన్పు అడ్డం తిరిగితే కబురు పోయి డాక్టరు వచ్చేసరికి తెల్లవారేది. అందుకే "ఆ రోజులే వేరు" అని నిట్టూర్చేవాళ్లతో నేను పూర్తిగా కలవలేను. కబురు ఆలస్యం కావడం వల్ల పోయిన ప్రాణాలు ఉన్నాయి. ఆ తంతి సేవ 2013 జులైలో ముగిసింది. అప్పటికే జనం దాన్ని మరిచిపోయి చాలా కాలమైంది.

రేడియోలో మాట్లాడుతూ రేడియో గురించి చెప్పకపోతే ఎలా? మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948లో, బెంగుళూరు కేంద్రం 1955లో, కడప కేంద్రం 1963లో మొదలయ్యాయి. మా ఊళ్లు ఈ నాలుగింటి నడుమ ఉన్నాయి. పగలు దగ్గరి కేంద్రమే పలికేది. కడప రాక ముందు మదనపల్లె, పుంగనూరు వైపు పగటిపూట బెంగుళూరు కన్నడమే స్పష్టంగా వినపడేది. కుప్పం వైపు తమిళమూ కన్నడమూ రెండూ పలికేవి. పొద్దుగూకాక ఆకాశపు పై పొరల్లో వచ్చే మార్పు వల్ల మీడియం వేవ్ తరంగాలు దూరాలకు పోతాయి. అందుకని రాత్రయితే విజయవాడ, హైదరాబాదు గరగరల మధ్య నుంచి తేలి వచ్చేవి. సరిగ్గా వార్తల వేళకు సద్దు పెరిగితే పెట్టెను అటు తిప్పి, ఇటు తిప్పి, ఏరియలు తీగ చూరుకు కట్టి నానా తంటాలు పడేవాళ్లు. మూడు భాషల పాటలు వినీ వినీ మా వైపు పిల్లలకు కన్నడం, తమిళం బడికి పోకుండానే వచ్చాయి. సరిహద్దు మనిషికి ఆ మూడూ పరాయి భాషలు కావు. దానికి రేడియో చేసిన మేలు తక్కువది కాదు.

అప్పుడు రేడియోకు లైసెన్సు ఉండేది. ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. అందుకని ఊరికి ఒకటో రెండో పెట్టెలు, పంచాయతీ ఆఫీసులో ఒకటి. సాయంత్రం రైతుల కార్యక్రమానికి ఆ గుమ్మం ముందు గోనెపట్టాలు పరుచుకుని కూర్చునేవాళ్లు. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివిన కందుకూరి సూర్యనారాయణ, అద్దంకి మన్నార్, ఏడిద గోపాలరావు గార్లను చూసినవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు. అయినా ఆ గొంతులు ఇంటి మనుషుల గొంతులే. సిలోన్ కేంద్రంలో తెలుగు పాటలు వినిపించిన మీనాక్షి పొన్నుదురై గారి పలకరింపు కోసం అన్నం కుండ దించి వచ్చి కూర్చున్న అమ్మలక్కలున్నారు. 1964 మే 27న నెహ్రూ పోయిన కబురు రేడియో ఉన్న ఇంటి నుంచి పొలాలకు పాకింది. విన్నవాడు విననివాడికి చెప్పాడు, వాడు మడక ఆపి ఇంకొకడికి చెప్పాడు. ఢిల్లీ నుంచి ఊరిదాకా గాలిలో వచ్చిన కబురు ఊరి నుంచి చేనిదాకా మళ్లీ మనిషి వెంటే పోయింది. చేలో ఉన్నవాడు నమ్మింది రేడియోను కాదు. దాన్ని విని వచ్చి చెప్పిన తన పక్క చేను వాణ్ని.

రేడియో రాకముందు, వచ్చాక కూడా, మా జిల్లాలో జనాన్ని కట్టిపడేసినది భారతం. ధర్మరాజుల గుడి ముందర పద్దెనిమిది రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. బకాసుర వధ రోజు బండి నిండా అన్నం, అర్జునుడు తపసుమాను ఎక్కే రోజు పైనుంచి పడే నిమ్మకాయ కోసం కింద ఒడి పట్టుకుని పిల్లలు లేని తల్లులు. చివరి రోజు నేల మీద మట్టితో చేసిన దుర్యోధనుడి పెద్ద విగ్రహం, భీముడి గద, ద్రౌపది జడ ముడి, ఆ తరువాత నిప్పుల గుండం. "భారతం పెట్టినాము, రండి" అని చుట్టాలకు జాబులు పోయేవి, చాటింపులు పోయేవి. అక్షరం రానివాళ్లకు కూడా ధర్మం, జూదం, అవమానం, పగ అన్నీ పద్యంతో సహా తెలిశాయంటే ఆ పందిళ్ల వల్లనే. కథ విన్నవాళ్లు కథ దగ్గర ఆగేవాళ్లు కాదు. పందిట్లోనే పెళ్లి చూపులు జరిగేవి, పొలం గట్టు తగాదాలు తెగేవి.

మైకు సెట్టు, టూరింగు టాకీసు, ఆర్టీసీ బస్సు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. డేరా సినిమావాళ్లు ఆట మొదలు పెట్టే ముందు ఘంటసాల పాడిన వేంకటేశ్వరుడి పాట వేసేవాళ్లు. ఆ పాట వినపడితే పక్క పల్లెల జనం అడుగు పెంచేవాళ్లు. 1958లో ఆర్టీసీ ఏర్పడింది. పల్లెకు బస్సు పడ్డాక కండక్టరు ఇంకో తపాలా మనిషి అయ్యాడు. మదనపల్లె మందులషాపు నుంచి మందు, మద్రాసు పేపరు కట్ట, "మా అక్కకు చెప్పండి సార్, రేపు వస్తా ఉండాము" అన్న మాట, అన్నీ ఆయన చేతికే. డబ్బు తీసుకుని చేసినవాళ్లు తక్కువ.

టెలిఫోను చాలా ఏళ్లు పట్నం దగ్గరే ఆగిపోయింది. ట్రంకు కాలు బుక్ చేసి పొద్దుననుంచి సాయంత్రం దాకా పోస్టాఫీసు బల్ల మీద కూర్చున్నవాళ్లను అడగండి. లైను దొరికాక మూడు నిమిషాలు. అందులో రెండు నిమిషాలు "హలో, వినపడతా ఉండాదా" అనడానికే. 1984లో సీడాట్ ఏర్పడింది. పల్లెల వేడికీ దుమ్ముకూ తట్టుకునే చిన్న ఎక్స్ఛేంజీని మన ఇంజనీర్లే తయారు చేశారు. 1986లో మొదటిదాన్ని కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. ఆ 128 లైన్ల పెట్టెలు ఆ తరువాత దేశమంతా పాకాయి. పసుపు రంగు ఎస్టీడీ బోర్డులు వెలిశాయి. మదనపల్లె కోడు 08571 అని చదువు రానివాళ్లకు కూడా కంఠతా వచ్చింది. రాత్రి పొద్దుపోయాక రేటు పావు వంతుకు తగ్గేది. అందుకని బూత్‌ల ముందు ఆ వేళకు వరస.

ఊరికి ఒక్క అంగట్లో ఫోను ఉండేది. పెళ్లి పత్రికల మీద, జాబుల చివర ఆ నంబరు వేసి పక్కన పి.పి. అని రాసేవాళ్లు. బెంగుళూరు నుంచి కొడుకు చేస్తాడు. "అన్నా, మా నాయన్ని పిలిపించు, పది నిమిషాలాగి మళ్లా చేస్తా" అంటాడు. అంగడాయన కుర్రాణ్ని పరిగెత్తిస్తాడు. తండ్రి పంచె ఎగగట్టుకుని వచ్చి కూర్చుంటాడు. ఫోను మోగే దాకా ఎవరూ మాట్లాడరు. అంటే టెలిఫోను వచ్చాక కూడా ఆఖరి ఫర్లాంగు నడిచింది మనిషే.

కువైట్‌కు పోయినవాళ్ల ఇళ్లలో ఇంకో దారి ఉండేది. రాయచోటి, మదనపల్లె పక్కల నుంచి ఇళ్లల్లో పనికి, బండ్లు నడపడానికి ఎందరో పోయారు. అక్కడి నుంచి వచ్చేవాళ్ల చేతికి మాట నింపిన క్యాసెట్టు ఇచ్చి పంపేవాళ్లు. ఇంట్లో అందరూ టేపురికార్డరు చుట్టూ చేరి వినేవాళ్లు. తిరిగి ఇదే క్యాసెట్టులో ఇక్కడివాళ్లు మాట్లాడాలి. ముందు మామగారు, తరువాత అత్తగారు, తరువాత పిల్లలు. మొగుడికి చెప్పుకోవలసినదంతా ఉన్న మనిషికి ఆఖరున టేపు మిగిలితే మిగిలినట్టు. చదవను రానివాళ్లు మొట్టమొదటిసారి తమ సొంత గొంతుతో జాబు పంపింది ఈ క్యాసెట్లలోనే.

2023 జులైలో మదనపల్లె మార్కెట్లో కిలో టమాటా దాదాపు 200 రూపాయలు పలికింది. ఆ ధర నిమ్మనపల్లె తోటలోని రైతు ఫోనుకు నిమిషాల్లో చేరింది. ఒకప్పుడు రైతు పెట్టెలు దించాక గానీ ధర తెలిసేది కాదు, నచ్చకపోయినా వెనక్కి మోసుకుపోలేడు. ఇది నిజంగా గొప్ప మేలు, కాదనను. దాని వెంటే ఇంకోటి కూడా వచ్చింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని, ఫలానా కులంవాళ్లు ఫలానా పని చేశారని, ఎవరు పంపారో తెలియని మాట రాత్రికి రాత్రి వెయ్యి ఫోన్లలో మోగుతోంది. తలారిని అడగొచ్చు, పోస్టుమాస్టరును అడగొచ్చు, గాజులాయనను అడగొచ్చు. దీన్ని ఎవర్ని అడగాలి? పాత వ్యవస్థలో అన్యాయాలు ఉన్నాయి, ఆలస్యాలు ఉన్నాయి, అవి మళ్లీ రాకూడదు. కబురుకు ఒక మనిషి పూచీ ఉండాలన్న నియమం మాత్రం మనం వదులుకోవలసింది కాదు. నా వరకు ఇదే తీర్పు.

వినేవాళ్లకు నాదొక మనవి. మధురాంతకం రాజారాం, నామిని సుబ్రహ్మణ్యం నాయుడు వంటివాళ్లు మన జిల్లా మనుషుల్ని, మాటల్ని కథల్లో నిలబెట్టారు. కథల్లోకి ఎక్కని మాట ఇంకా మీ ఇళ్లలో ఉంది. దూలానికి వేలాడే జాబుల కట్ట ఉంటే పాత కాగితాలవాడికి వేయకండి. ఒక్కోటీ విప్పి వెలుతురులో ఫోనుతో రెండు వైపులా ఫొటో తీయండి. ఎవరు, ఎవరికి, ఏ ఊరి నుంచి రాశారో వేరే కాగితం మీద రాసి జత చేయండి, జాబు మీద మాత్రం కలం పెట్టకండి. తేమ తగలని చోట కాగితపు కవర్లో దాచండి. కువైట్ క్యాసెట్టు ఉంటే టేపు అతుక్కుపోకముందే కాపీ తీయించండి. తప్పెట చాటింపు నోటికి వచ్చిన పెద్దాయన, తువాలు కింద బేరం తెలిసిన దళారి, జాబులు చదివిపెట్టిన పోస్టుమాస్టరు మీ ఊళ్లో ఉంటే ఈ వారమే పోయి కూర్చుని వాళ్ల మాట రికార్డు చేయండి. చేసేటప్పుడు వాళ్ల పేరూ ఊరూ వాళ్ల గొంతుతోనే చెప్పించండి. ఒక ప్రతి మీ మండలం హైస్కూలుకో, మీ దగ్గరి శాఖా గ్రంథాలయానికో ఇవ్వండి.